ఆఖరి సంచీ దిగేదాకా

అర్జునరావుకున్న పిచ్చి ఒక్కటే. విమానాశ్రయంలో సామాన్లు తిరిగే బెల్టు మీద ఆఖరి పెట్టె దిగేదాకా ఆయన కదలడు. తన పెట్టె అందరికంటే ముందొచ్చినా సరే, దాని మీద కూర్చుని మిగతావాళ్ళ పెట్టెలకు కాపలా కాస్తాడు.

వైజాగ్‌లో గాజువాక మనిషి. మస్కట్‌లో పద్దెనిమిదేళ్ళుగా క్రేన్ నడుపుతున్నాడు. ఇదేం పిచ్చని అడిగితే, "క్రేనోణ్ణి గదా, ఆఖరి లోడు దిగకుండా నాను దిగితే సూపర్‌వైజర్ తిడతాడు" అంటాడు. విమానాశ్రయంలో ఆ సూపర్‌వైజర్ ఎవరో ఆయనకే తెలియాలి. భార్య రాణి ఎదురెళ్ళడం ఎప్పుడో మానేసింది. "ఇమానం దిగిందని తెలిసాక బియ్యం నానబెడతాను. వండి, తిని, గిన్నెలు కడిగీసాక వొత్తాడు" అంటుంది.

ఈసారి ఆయనతో ప్రయాణం సాయిదుర్గకు రాసిపెట్టి ఉంది. అదే ఊళ్ళో జాలారిపేట పిల్ల, మస్కట్‌లో నర్సు, రెండేళ్ళకు మొదటిసారి ఇంటికొస్తోంది. ఆ మధ్యాహ్నం రెండు గంటల సముద్రపు పోటుకు తమ్ముడు రాము కొత్త పడవను నీళ్ళలోకి దించుతున్నాడు. ఆడపడుచు కొబ్బరికాయ కొట్టనిదే ఆ ఇంటి పడవ తడవదు. సముద్రమేమో ఎవరి విమానం కోసమూ ఆగదు.

హైదరాబాద్‌లో దిగేసరికే గంట ఆలస్యం. కస్టమ్స్ దాటి, వైజాగ్ కౌంటర్లో సామాను మళ్ళీ అప్పగించాలి. ఆ కౌంటర్ పదింటికి మూసేస్తారు. తొమ్మిదీ ఇరవైకే ఇద్దరి పెట్టెలూ వచ్చేశాయి.

"మావయ్యా, పద!"

"ఉండమ్మీ. ఇంకా దిగతన్నాయి."

తొమ్మిదీ ముప్పై ఐదు. బెల్టు మీద ఇంకా ఏడు పెట్టెలు. రాము అక్కకు ఫోను చేశాడు.

"అప్పా, నీళ్ళు లెగుస్తన్నాయి. ఎక్కడున్నావ్?"

"బెల్టు కాడ."

"నీ పెట్టి రాలేదా?"

"వొచ్చింది."

"మరేటి సేత్తన్నావ్?"

ఆమె ఫోను పెట్టేసింది.

తొమ్మిదీ నలభై ఐదు. ఒక్కటే మిగిలింది. నైలాన్ తాడుతో కట్టిన నీలం సంచీ. అది చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా అర్జునరావు వంగి దాని చీటీ చదువుతున్నాడు. సాయిదుర్గ ఓపిక నశించింది.

"నీ పిచ్చికి నా తమ్ముడి పడవ ఒడ్డునే ఉండిపోద్ది! నాను పోతన్నాను!"

పెద్దవాణ్ణి అంత మాట అన్నందుకు ఆమెకే మనసు చివుక్కుమంది. అయినా ఆగకుండా ట్రాలీ తోసుకుంటూ కస్టమ్స్ లైనులో చేరింది. ముందు నిలబడ్డ యాభై ఏళ్ళావిడ వెనక్కి తిరిగింది. చేతిలో చిన్న బ్యాగొక్కటే ఉంది.

"అమ్మీ, ఇశాపట్నం ఎళ్ళడానికి ఇటేనా? మస్కట్‌లో వంటపని నాది. ఆరేళ్ళకి ఎళ్తన్నాను."

"మీ సామానేదప్పా?"

"వైజాగ్‌లోనే ఇస్తారు గదా! సీటీ మీద వైజాగనే రాసారు."

సాయిదుర్గ ట్రాలీ ఆపేసింది. చీటీ మీద ఏ ఊరు రాసినా, దేశంలో అడుగుపెట్టిన చోటే సామాను తీసుకుని కస్టమ్స్‌కు చూపించాలి. ఇందాక అర్జునరావు చెయ్యి పట్టుకుని బెల్టు దగ్గరకు లాక్కురాకపోతే తనూ ఇలాగే నడిచొచ్చేసేది.

"నీలం సంచీయా? నైలాను తాడా?"

"నీకెలా తెలుసే?"

"మావయ్యా! ఆ సంచీ మడిసి ఇక్కడుంది!"

హాలంతా తిరిగి చూసింది. అర్జునరావు సంచీని భుజానికెత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. కస్టమ్స్ అధికారి ఆయన్ని చూసి నవ్వి, "ఈసారి ఎవర్ని పట్టుకొచ్చావయ్యా?" అన్నాడు.

సాయిదుర్గకు అప్పుడు అర్థమైంది, ఇది పద్దెనిమిదేళ్ళ పని అని.

ముగ్గురూ కౌంటర్ చేరేసరికి తొమ్మిదీ యాభై ఎనిమిది.

విమానంలో సాయిదుర్గ అడిగింది. "ముందే చెప్పొచ్చు గదా మావయ్యా?"

"ఏటని చెప్పీది? మొదటిసారి నా పెట్టి నానూ ఇలాగే వొదిలీసి ఎళ్ళిపోనాను. పదకొండు రోజులు బావమరిది లుంగీలే గతి. చెప్పుకోడానికి సిగ్గు గదా!"

"తిట్టినందుకు ఏటనుకోకు."

"నువ్వు తిట్టింది చానా తక్కువమ్మీ."

రెండింటికి పది నిమిషాలుందనగా సాయిదుర్గ ఆటోలోంచి దూకి, ఇసుకలో పరిగెత్తింది. కొబ్బరికాయ ఒక్క దెబ్బకే పగిలింది. జనం అరిచారు, అల వచ్చింది, పడవ లేచి నిలబడింది.

రాము పడవ మీంచి కేకేశాడు. "ఏటప్పా, పేనాలు తోడీసినావ్! బెల్టు కాడ ఏటి సేసావ్ అంతసేపు?"

"ఒక సంచీ మిగిలిపోనాదిరా. ఆగాం."

"ఎవల్ది?"

సాయిదుర్గ కొబ్బరినీళ్ళ చేతిని ఓణీకి తుడుచుకుంది.

"మనోల్దేరా" అంది.