చప్పుడు చేయని గాలి

మా ఫిట్టర్ తాత పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను తోటలో తొట్టి కడుగుతున్నాను. మిర్యాలగూడ దవాఖానలో, పొద్దున టీ తాగి గ్లాసు కింద పెడుతూనే ప్రాణం వదిలారట. ఏడుపు వచ్చిన మాట నిజమే కానీ అంతకంటే ముందు కోపం వచ్చింది. ఆయన మీద పడిన నిందను ఆయన బతికుండగా తుడవలేకపోయాను. వేసినవాడు హాయిగా తిరుగుతున్నాడు. పోయినవారిని తలచుకునేటప్పుడు మనసు శాంతంగా ఉండాలంటారు. నా మనసు శాంతంగా లేదు, చదివేవాళ్ళు మన్నించాలి.

ఆయన నాకు చుట్టం కాదు. వేములపల్లి మనిషి. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా ఫిట్టరుగా చేశారు. ఆ మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర అరిచి చెబితే సగం అందేది. మిల్లు మానేశాక చివ్వెంల దగ్గర మేం పనిచేసే తోటకు వచ్చారు. మాది మట్టి లేని సాగు. పెద్ద పెద్ద ప్లాస్టిక్ ట్యాంకుల్లో ఎరువు కలిపిన నీళ్ళు ఉంటాయి. ఆ నీళ్ళు తొట్లలోకి పారి తిరిగి వస్తుంటాయి. ఆకుకూరలు అందులోనే వేళ్ళు వేలాడేసుకుని పెరుగుతాయి. నీళ్ళలోకి రేయింబవళ్ళు గాలి పంపుతూనే ఉండాలి. ఆగిందా, వేళ్ళకు ఊపిరాడక కుళ్ళిపోతాయి.

మొదట్లో గాలి కోసం ఒక కంప్రెసరు ఉండేది. దాని మోతకు పక్కనున్న బడిలో పంతులమ్మ చెప్పే పాఠం పిల్లలకు వినపడేది కాదు. ఆమె రెండుసార్లు వచ్చి బతిమాలింది. మా మేనేజరు నవ్వి ఊరుకున్నాడు. తాతకు ఆ మోత అందనే అందదు. అయినా లేచింది ఆయనే.

“మిల్లు నా చెవులు తిన్నది బిడ్డా. ఆ పిల్లల చెవులన్న ఉండనియ్యాలె” అన్నారు.

యజమానిని ఒప్పించి, కంప్రెసరు తీయించి, చిన్న గాలిపంపులు తెప్పించారు. వాటిని గోడకు బిగించలేదు. అదురు గోడకు తాకకుండా పాత సైకిలు ట్యూబులతో ఉయ్యాలలా వేలాడదీశారు. చుట్టూ మిల్లు నుంచి తెచ్చిన ఊక బస్తాలు పేర్చి, గాలి పీల్చుకోవడానికి పలచని గుడ్డ కట్టిన సందు ఒకటి వదిలారు. కరెంటు పోయినా నీళ్ళు వెనక్కి ఎక్కకుండా పంపుల్ని నీటి మట్టానికి పైన ఉంచారు. తిరిగొచ్చే గొట్టం మూతిని కూడా నీళ్ళలో ముంచేశారు, ధార పడే చప్పుడైనా ఉండకూడదని. అన్నీ అయ్యాక స్విచ్చు వేస్తే, బడిలో పిల్లలు ఎక్కాలు చదవడం మా ట్యాంకుల దగ్గరికి వినిపించింది. తాతకు వినపడలేదు. నా ముఖం చూసి తెలుసుకున్నారు.

చప్పుడే లేకపోతే ఆడుతోందో ఆగిందో ఎలా తెలుస్తుందని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ట్యాంకు గోడ మీద ఆనించారు. అరచేతికి సన్నటి వణుకు తగిలింది, లోపల బుడగలు లేస్తున్నాయి.

“పొద్దుగాల ఒకసారి, పగటికి ఒకసారి, ఇంటికి పోయేటప్పుడు ఒకసారి ముట్టి సూడు. చెవితోని పని లేదు.”

అన్నిటినీ ఆయన అలా అరచేత్తోనే పలకరించేవారు. సూర్యాపేట బస్సెక్కితే సీటు కమ్మీ పట్టుకుని ఇంజనుకు ఏం జబ్బో చెప్పేవారు. మా పాపకు జ్వరమొస్తే నుదురు ముట్టి, పెరుగుతోందో తగ్గుతోందో కూడా చెప్పారు. సంచిలో ఎప్పుడూ ట్యూబు ముక్కలుండేవి. ఎక్కడ ఏది గడగడమన్నా దాని కింద ఒక ముక్క దోపి వచ్చేవారు, ఎవరూ అడగకపోయినా.

ఇక ఆ శనివారం సంగతి. ఎండాకాలం. కూతురింటికి పోవాలని తాత సెలవు అడిగితే మేనేజరే వెళ్ళమన్నాడు. మధ్యాహ్నం తోటను వీడియో తీయించడానికి లైట్లు తెప్పించాడు. ప్లగ్గు దొరక్క గాలిపంపుల ప్లగ్గు ఊడబీకి లైట్లది పెట్టాడు. నేను అక్కడే ట్రే పట్టుకుని నిలబడి చూశాను. పనయ్యాక పెడతాడులే అనుకున్నాను. పెట్టలేదు. కంప్రెసరు రోజుల్లో అయితే మోత ఆగిన మరుక్షణం అందరం తలలెత్తేవాళ్ళం. ఇప్పుడు ఆగినా, ఆడినా ఒకటే. ఇంటికి పోయే తొందరలో నేనూ ఆ సాయంత్రం ట్యాంకు ముట్టి చూడలేదు. ఆదివారం తోటకు సెలవు.

సోమవారం షెడ్డు తలుపు తీస్తే కుళ్ళు వాసన. వేళ్ళన్నీ నల్లగా జిగురెక్కాయి. మేనేజరు మాకంటే ముందే వచ్చి ప్లగ్గు ఎప్పటిలా పెట్టేశాడు. యజమాని రాగానే, తాత సెలవు మీద పోకముందే పంపులు ఆగిపోయి మళ్ళీ వాటంతటవే మొదలయ్యాయన్నాడు. తాత వైపు చూడకుండా ఇంకో మాట కూడా అన్నాడు.

“చెవిటోడి చేతిలో పెడితే ఇంతేనండి. ఆగిపోతే ఆయనకేం వినపడుద్ది?”

తాతకు ఆ మాట వినపడలేదు. అందరి కళ్ళు తన చెవుల వైపు తిరగడం చూశారు. చాలదా! ఆయన ట్యాంకు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, సంచి తీసుకుని బయటికి నడిచారు. నేను నోరు విప్పలేదు. కూలి పోతుందని భయం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. బస్టాపు దాకా వెనకాలే వెళ్ళాను. “నువ్వేమన్న సూసినవా?” అని అడిగారు. తల దించుకున్నాను.

తర్వాత ఎన్నోసార్లు వేములపల్లి వెళ్ళాను. ఒకసారి తెగించి, ఆయన కుడి చెవి దగ్గర ఆ ప్లగ్గు సంగతి అరిచి చెప్పాను.

“నువ్వు తల దించిన్నాడే ఎర్కైంది బిడ్డా. నాకు సెప్పుడు గాదు, ఆ నలుగురి ముంగట సెప్పు” అన్నారు.

రేపు చెబుతాను, మాపు చెబుతాను అనుకుంటుండగానే ఆయన పోయారు.

దశదిన కర్మకు యజమాని వచ్చాడు. అప్పటికే మా తోట మానేసి కోదాడ దగ్గర చిలుకూరులో సొంత తోట పెట్టుకున్న మేనేజరూ వచ్చాడు, చేతిలో పూలదండతో. దండ వెయ్యబోతుంటే అడ్డం నిలబడ్డాను. శనివారం, లైట్లు, ప్లగ్గు, నా పిరికితనం, అన్నీ తోటవాళ్ళ ముందర, తాత కూతురి ముందర చెప్పాను. మేనేజరు ముఖం పాలిపోతుంటే చూసి సంతోషించాను. దండ మడిచి పట్టుకుని వెళ్ళిపోయాడు. యజమాని తల వంచుకుని తాత ఫొటోకు దండం పెట్టాడు.

నెల తిరగకముందే మేనేజరు నుంచి ఫోన్. ఏ ముఖంతో చేశాడో మరి! చిలుకూరులో కంప్రెసరు పెట్టాడట, చుట్టుపక్కలవాళ్ళు గొడవకు వస్తున్నారట, రాత్రీ పగలూ తన చెవుల్లో కూడా హోరు ఆగడం లేదట. ముసలాయన పద్ధతి కాస్త చెప్పమని అడిగాడు. నేను ట్యాంకు దగ్గరికి నడిచి, ఫోన్‌ను దాని గోడకు ఆనించాను.

“ఇనబడుతుందా సార్?”

“ఏమీ వినపడట్లేదమ్మా.”

“మా తాతకు తెలిసేది” అని పెట్టేశాను.

తాత అయితే చెప్పి ఉండేవారు. సంచి భుజాన వేసుకుని చిలుకూరు దాకా వెళ్ళి, ట్యూబు ముక్కలు కట్టి వచ్చేవారు కూడా. నేను తాతను కాను. ఆ హోరు ఆ మనిషిని వదలకూడదనే కోరుకుంటున్నాను. ఫోన్ పక్కన పెట్టాక చూసుకుంటే రెండో చెయ్యి ఇంకా ట్యాంకు మీదే ఉంది. బడిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. అరచేతి కింద ఆ సన్నటి వణుకు ఆగకుండా వస్తూనే ఉంది.