పదును రాకముందే దున్నిన చేను

మా ఊళ్లో మొదట ట్రాక్టర్ కొన్నవాణ్ణి నేను. చదువు ఐదో తరగతితో ఆగినా, పత్తి దిగుబడికి మూడుసార్లు శాలువా కప్పించుకున్నాను. పదకొండేళ్లు సహకార సంఘం అధ్యక్షుడిగా చేశాను. ఇవన్నీ తెలిసినవాళ్లకు మా బావ తెలియడు. మా అక్క భర్త. నాలుగెకరాల నల్లరేగడి కౌలుకు చేసేవాడు.

వాన వెలిశాక బావ జానెడు లోతు తవ్వి, ఆ మట్టిని పిడికిట్లో నొక్కి, బొటనవేలితో పొడిచి చూసేవాడు. పొడిపొడిగా విడిపోతే దుక్కికి పదును వచ్చినట్టు. ముద్దగా ఉంటే ఎద్దును కూడా చేలోకి రానిచ్చేవాడు కాదు.

ఆ ఏడాది వానలు ఆలస్యమయ్యాయి. అంతకుముందు రెండేళ్లూ పంట దెబ్బతింది. ఈసారీ పోతే కౌలు రద్దని ఆసామి చెప్పేశాడు. అందుకే వాన పడిన మర్నాడే నేను ట్రాక్టర్ తెచ్చాను.

"నాలుగు రోజులాగరా. ముద్ద విడవడం లేదు," అన్నాడు బావ.

"నువ్వు మట్టి పిసుకుతూ కూర్చో బావా. ఈలోగా ఊళ్లోవాళ్లు విత్తడమే కాదు, పత్తి కూడా ఏరేస్తారు."

"తొందర నీ బండికిరా, చేనుకి కాదు."

గట్టు మీద నుంచి అక్క, "నాలుగూళ్లు దున్నినవాడు, వాడికి తెలియదా?" అంది. బావ పక్కకు తప్పుకున్నాడు.

మొక్కలు బాగానే లేచాయి. పూత మీద వాడిపోయాయి. బావ నీళ్లు పెడితే చాళ్లలో మూడు రోజులు నిలిచాయే గాని ఇంకలేదు. ఇంకా పెట్టమన్నది నేనే. ఆకులు ఎర్రబారాయి.

మొక్క పీకి చూశాం. తల్లివేరు జానెడు దిగి, మోచెయ్యి మడిచినట్టు అడ్డం తిరిగింది. తడి మట్టిని నా చక్రాలూ నాగలీ కలిసి పలకలా అదిమేశాయి. మట్టిలో సందులు మూసుకుపోతే గాలి ఆడదు, నీరు దిగదు, వేరు దిగదు. పైన నిలిచిన నీళ్లలో వేరు కుళ్లింది. అడుగున ఉన్న తేమ దానికి అందలేదు.

ఆసామి వచ్చాడు. "ఏమైందయ్యా?"

బావ నా వైపు చూడలేదు. "నీళ్లు పెట్టడం తెలియలేదండి," అన్నాడు. నలభై ఏళ్లు చేనుకు నీళ్లు పెట్టిన మనిషి.

"తెలిసినవాడికే ఇస్తాలే," అంటూ ఆసామి నా భుజం మీద చెయ్యి వేశాడు.

తర్వాతి ఎండాకాలం, నేల బీటలు వారాక, లోతు దుక్కి చేసి ఆ పలకను పగలగొట్టాను. బావ పత్తి మిల్లులో బేళ్లు మోసే పనికి చేరాడు. దూది దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆరేళ్లు మోసి, ఏడో ఏట పోయాడు.

అక్క నాతో మాట్లాడుతుంది. ఆ పొలం మాట మాత్రం ఎత్తదు. కౌలు ఇప్పటికీ నా పేరు మీదే ఉంది.