లిఫ్టు పాట

కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసే అక్కకు మొదట్లో ఆ పాటలంటే గిట్టేది కాదు. తమ్ముడే ఈడ్చుకెళ్ళాడు. అతను లిఫ్టుల మెకానిక్కు. నిద్రలో తప్ప నోరు మూతపడదు కాబట్టి కంపెనీలో అందరూ వాగుడుకాయ అనే పిలిచేవారు. సినిమా పాటలు కాకుండా, తమ పాటలు తామే కట్టుకుని వాయించుకునే చిన్న చిన్న బ్యాండ్లంటే అతనికి పిచ్చి. శనివారం సాయంత్రాలు పాత టైర్ల గోడౌన్లో అలాంటి కచేరీలు జరిగేవి. వేదికంటే నాలుగు చెక్కబల్లలు. గోడలకింకా రబ్బరు వాసన.

"చెవులు చిల్లులు పడుతున్నాయిరా, పద పోదాం" అని ఆమె లేవబోతుండగా, గిటారు మెడలో వేసుకున్న బక్కపలచని గాయని ఒక పాట ఎత్తుకుంది.

*లిఫ్టు ఆగితే మెట్లున్నాయి*
*మెట్లు కూలితే గోడుంది*
*గోడ పట్టుకుని పాకైనా*
*పైకొస్తాలే, తలుపు తియ్!*

"మా పొట్ట కొట్టకండి మేడమ్! ఒక్క ఫోన్ చేస్తే వచ్చి బాగుచేస్తాం కదా!" అని తమ్ముడు వెనకనుంచి కేకేశాడు. గోడౌనంతా ఘొల్లుమంది. గాయని నవ్వాపుకోలేక పాట ఆపి, మళ్ళీ మొదటినుంచి పాడింది. లేచిన అక్క కూర్చుంది.

ఆ కూర్చోవడం పదిహేనేళ్ళు సాగింది. కుండపోత వానలో ఏడుగురే వచ్చిన రోజుంది. బ్యాండు వాళ్ళు ఒక్క పాట కూడా తగ్గించలేదు. కరెంటు పోతే డ్రమ్ములాయన బల్లమీద చేత్తో దరువేస్తూ కచేరీ ముగించిన రోజుంది. ఆమె మూడేళ్ళ కాపురం పెటాకులై, పెళ్ళి ఊసే పట్టని తమ్ముడి ఇంటికి పెట్టెతో వచ్చేసిన వారమూ ఉంది. "ఇవాళ వద్దురా, నన్నొదిలెయ్" అంటున్నా వినకుండా తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం ఎవరో ఒకాయన, ముక్కూ మొహం తెలియనివాడు, ఒంటరిగా గదికి సున్నం వేసుకునే మనిషి గురించి పాడాడు. పెద్ద గొంతేం కాదు. కానీ ఆ పాటలో మనిషి ఎవరి జాలీ అడగడు, సున్నం వేసుకుంటూ పోతాడంతే. సెలవు పెట్టి గోడవైపు తిరిగి పడుకున్న అక్క, సోమవారం పొద్దున్నే పనికి వెళ్ళింది.

తమ్ముడికి నలభై ఒకటో ఏడు. ఎనిమిదంతస్తుల భవనం మీద లిఫ్టు మోటారు గదిలో మిట్టమధ్యాహ్నం చేతిలో స్పానరు జారిపడింది. దాని వెనకే మనిషీ కూలబడ్డాడు. పక్షవాతమన్నారు. ఆస్పత్రినుంచి వచ్చేసరికి కుడిచేతిలో సగం బలం, నోట్లో మాట మొత్తం పోయాయి. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమయ్యేది. తను చెప్పబోతే మాత్రం "అదీ... అదీ..." అనే వచ్చేది. దాహమేస్తే అదీ, కోపమొస్తే అదీ. కంపెనీ స్నేహితులు మొదట రోజూ వచ్చారు, తర్వాత వారానికోసారి. ఆ తర్వాత తలుపు తట్టినవాళ్ళు లేరు.

మాటలు నేర్పే టీచరమ్మ ఒకనాడు అక్కను పక్కకు పిలిచింది. "కొందరికి మాట పోయినా పాట మిగులుతుందమ్మా. ఎడంచేత్తో తాళం వేయిస్తూ, ఆయనకు బాగా తెలిసిన పాట పాడించి చూడండి. వస్తుందని మాటివ్వలేను."

"మీరు మాటివ్వక్కర్లేదు, ఎలా పాడించాలో చెప్పండి చాలు" అంది అక్క.

రోజూ దుకాణానికి వెళ్ళేముందు అరగంట. తమ్ముడి ఎడంచెయ్యి పట్టుకుని బల్లమీద కొడుతూ లిఫ్టు పాట పాడేది. ఆమెది అసలే బొంగురు గొంతు. పక్కింటావిడ పిట్టగోడ మీదనుంచి తొంగిచూసి, "మీరు పాడుతుంటే భయపడి ఆయనకు ఉన్న మాటా పోతుందేమో చూసుకోండి" అంది. "మీ తలుపేసుకోండి పిన్నిగారూ, ఇంకో నెల ఉంది ఈ గోల" అని అక్క మళ్ళీ అందుకుంది.

పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. పదకొండో రోజు ఆమె "లిఫ్టు ఆగితే" దగ్గర ఊపిరి పీల్చుకోడానికి ఆగింది.

"మెట్లున్నాయి" అన్నాడు తమ్ముడు, రాగంలో.

ఇద్దరూ నిర్ఘాంతపోయి ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె తమ్ముడి చెయ్యి మాత్రం వదల్లేదు. "మళ్ళీ" అంది.

నెల తిరిగేసరికి రెండు పాదాలొచ్చాయి. మూడోదాని దగ్గర బండి బురదలో దిగబడింది. ఎంత లాగినా కదల్లేదు. అప్పుడే తెలిసింది, ఆ గాయని బ్యాండు వచ్చే శనివారం గోడౌన్లో పాడుతోందని. వెళ్దామంటే తమ్ముడు అడ్డంగా తలూపి దుప్పటి ముసుగు పెట్టాడు. నలుగురిలో నోరెత్తలేని బతుకు అతనికి చావుతో సమానం.

అక్క దుప్పటి లాగేసింది. "నేను పెట్టెతో వచ్చినప్పుడు నన్ను అడిగే తీసుకెళ్ళావా? లే, చొక్కా మార్చుకో."

గంట ముందే తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టి, తీగలు సరిచేసుకుంటున్న గాయని దగ్గరకు వెళ్ళింది. సంగతంతా చెప్పి, "ఇవాళ లిఫ్టు పాట కాస్త నెమ్మదిగా పాడండి" అని అడిగింది.

గాయని తల గోక్కుంది. "అది పాడటం మానేసి నాలుగేళ్ళయిందండి. నాకే మాటలు గుర్తులేవు."

"నాకున్నాయి. రాసుకోండి."

పాట కట్టినావిడ బుద్ధిగా కాగితం తీసింది.

కచేరీ మధ్యలో గాయని ఆ పాట మొదలుపెట్టింది. అక్క తమ్ముడి చేతిని మోకాలిమీద పెట్టి తాళం వేసింది. మొదటి పాదం, రెండో పాదం... గాయని కళ్ళు మూసుకుని పాడుతూ మూడో పాదానికి వచ్చేసరికి తడబడింది. కాగితం ఎక్కడో కింద పడిపోయింది. గిటారు మోగుతూనే ఉంది, మాట రాలేదు.

"గోడ పట్టుకుని పాకైనా!"

ముందు వరసలోంచి, మొరటుగా, శ్రుతి కాస్త తప్పి. బురదలోంచి బండి ఒక్క ఉదుటున బయటికొచ్చింది. గాయని కళ్ళు తెరిచి, మైకు స్టాండు పట్టుకుని వేదిక అంచుదాకా వచ్చి అతని ముందు పెట్టింది. అతను తలెత్తి నాలుగో పాదమూ పాడేశాడు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకు అసలు సంగతేమీ తెలియదు. ఎవరో వీరాభిమాని అనుకున్నారు. అక్కకు అదే నచ్చింది.

దాంతో అద్భుతాలేమీ జరిగిపోలేదు. మర్నాడు పొద్దున మళ్ళీ "అదీ." కానీ ఇప్పుడతనే చెయ్యి చాపి బల్లమీద పెట్టాడు. టీచరమ్మా అక్కా కలిసి అవసరాలకు చిన్న చిన్న వరసలు కట్టారు: నీళ్ళకొకటి, నొప్పికొకటి, "నన్నొదిలెయ్"కొకటి. మూడోది అన్నిటికంటే త్వరగా నేర్చుకున్నాడు. ఏడాదికి కొన్ని మాటలు రాగం లేకుండానే వచ్చాయి. రెండో ఏడు కంపెనీవాళ్ళు విడిభాగాల గదిలో పని ఇచ్చారు. ఎడంచేత్తో చీటీలు రాస్తాడు, పేరు చెప్పలేనిదాన్ని వేలితో చూపిస్తాడు.

శనివారాలు ఇద్దరూ వెళ్తూనే ఉన్నారు. మొన్న కొత్త బ్యాండొకటి వచ్చింది. అక్కకు తెగ నచ్చింది. బస్టాపుదాకా ఆ డ్రమ్ముల గొప్పతనం, ఆ పదాల పొందిక వర్ణిస్తూనే ఉంది. తమ్ముడు ఓపిగ్గా విన్నాడు. బస్సెక్కి కూర్చున్నాక, పెదాలు రెండుసార్లు కదిపి, మాట కూడదీసుకుని తీర్పు చెప్పాడు.

"చెత్త."

"ఏంట్రా చెత్త? నీకేం తెలుసని?" అని ఆమె తగువుకు దిగింది. వాళ్ళు దిగాల్సిన స్టాపు దాటిపోయింది.