కడుపుతో ఉన్న ఇంట్లో గడ్డపార

ఎనభైల మొదట్లో ఆదోనిలో ఒక ఇంటి వెనక రెండు గదుల్లో బాడిగకుండేవాళ్ళం. నీళ్ళు రోజు మార్చి రోజు వచ్చేవి. ముందుభాగంలో ఉండే ఇంటాయన కొళాయిలో ధార కట్టేవి. మా కొళాయి కన్నా ఉల్లిగడ్డలు తరిగేటప్పుడు మా అమ్మ కళ్ళే ఎక్కువ నీళ్ళు పెట్టేవి. ఆయన పంచలో నాపబండల కింద మాకొచ్చే పైపు పగిలిందనేదానికి, ఎండాకాలంలోనూ సందుల్లో పచ్చగా మొలిచే గడ్డే సాక్ష్యం.

మోకాళ్ళ నొప్పులతో అమ్మ వీధి కొళాయి నుంచి బిందెలు మోసేది. నేనూ మోసేవాణ్ణి, కాలేజీ టయానికీ నీళ్ళ టయానికీ కుదిరినప్పుడు. అంటే అరుదుగా. నందవరంలో ఉన్న అక్క ఇంకో రెండు నెలల్లో తొలి కానుపుకు రావాల. బాలింతకూ బిడ్డకూ నీళ్ళెట్లా అన్నదే అమ్మ దిగులు.

మా నాయిన ఎమ్మిగనూరు బడిలో అయ్యవారు. పిల్లల మీద గొంతు లేచేది గానీ పెద్దోళ్ళ ముందు దగ్గొచ్చేది. దగ్గి దగ్గి పైపు సంగతి ఎత్తితే, తాగేది మీరు, బాగు చేయించుకునేదీ మీరేనని ఇంటాయన తేల్చినాడు. పైపు ఆయనది, చిల్లు మాది. సరేనని కొళాయిల పని చేసే సాయిబును పిలుచుకొస్తే ఇంటాయన గడపకు అడ్డంగా నిలబడినాడు.

"మా కోడలు కడుపుతో ఉంది సారూ. కానుపయ్యేదాకా ఈ ఇంట్లో గడ్డపార నేలకు తగలకూడదు."

ముందు వారమే వాకిట్లో బర్రెకు గుంజ పాతించినారు గదా అన్నాను. అది బర్రె కోసం అన్నాడు. అంత లోతుగా శాస్త్రం చదివినోళ్ళతో వాదించలేం.

అమ్మ వాదించలేదు. ఆ కోడలి నెలలు లెక్కపెట్టుకుంటా కూర్చుంది. తొలి కానుపు పుట్టింట్లోనే గదా. ఏడో నెలలో శ్రీమంతం చేసి, ఆ పిల్లను పెద్దకడుబూరుకు పిలుచుకుపోయినారు. వాళ్ళను బస్సెక్కించి ఇంటాయన తిరిగొచ్చేసరికి సాయిబు నాలుగు బండలు లేపేసినాడు. ఎవర్నడిగి తవ్వినారని ఇంటాయన మీదికొచ్చినాడు. ఇప్పుడు ఇంట్లో కడుపుతో ఎవరూ లేరు గదా, మీక్కూడా కడుపు రాలేదు గదా అన్నాను.

మరుసటి రోజు మా కొత్త ఇత్తడి కొళాయిలో నీళ్ళు దూకినాయి. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆ నెలాఖరుకు అక్క వచ్చేసింది. నాయిన దగ్గుతాంటే, అమ్మ అక్కను తెచ్చి ఇంటాయన ముందర నిలబెట్టింది.

"కడుపుతో ఉన్న పిల్లను ఇల్లు మార్చకూడదంటారన్నా. శాస్త్రం తెలిసినోళ్ళు, మీకు నేను సెప్పాల్నా?"

కానుపయ్యేదాకానే అని ఆయన లోపలికి పోయినాడు. ఆ పొద్దు నుంచి వాళ్ళ అంట్లు కడిగిన నీళ్ళన్నీ మా గడప ముందరే పడేవి. నీళ్ళకు కొదవ లేదని అమ్మ సంతోషపడింది.

అక్కకు కొడుకు పుట్టినాడు. పురిటి మైల కడిగిన మరుసటి పొద్దున్నే ఇంటాయన వచ్చి నిలబడినాడు. బిడ్డ మొహం చూడలేదు, ఎప్పుడు పోతారని మాత్రం అడిగినాడు. ఇంకో ఇల్లు చూసుకున్నాం. సామాను బండికెక్కించినాక నాయిన పానా తీసుకుని లోపలికి పోయి, ఇత్తడి కొళాయి విప్పి, పైపు నోట్లో కట్టె బిరడా కొట్టినాడు. ఇంటాయన అడ్డమొచ్చినాడు. నాయిన ఆ పొద్దు దగ్గలేదు.

"బాగు చేయించుకునేది మేమైతే, కొళాయీ మాదే."

పైపు కూడా తవ్వుకుపోదామన్నాను. బండిలో చోటు లేదు.