సైకిలు లేని స్టాండు డబ్బులు

అమలాపురం వెళ్లే మా వైపువాళ్లు ఆ రోజుల్లో రెండు పక్షాలుగా ఉండేవారు. బస్సుకి టిక్కెట్టు కొనేవాళ్లు ఒక పక్షం. సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, బస్టాండు పక్కనున్న స్టాండులో పదిపైసలిచ్చి దాన్ని అక్కడ పెట్టేవాళ్లు రెండో పక్షం. సాయంత్రాలు అరుగుల మీద దీని గురించి పెద్ద వాదనలే నడిచేవి. స్టాండు డబ్బులకి పంచర్లూ టైర్లూ కలుపుకుంటే బస్సే నయమని ఒకరు, గంటసేపు రోడ్డు మీద నిలబెట్టి ఆపకుండా పోయే బస్సుకంటే సైకిలే మేలని ఇంకొకరు. నేను బస్సు పక్షం. మా నాన్నగారు సైకిలు పక్షం. నేను గొంతు చించుకుని వాదించేవాణ్ణి, ఆయన విని ఊరుకునేవారు.

మా ఊరు అల్లవరం రోడ్డులో, అమలాపురానికి అయిదు మైళ్లు. నాన్నగారు వేదం చదువుకున్న మనిషి. అమలాపురంలో పది పదిహేను ఇళ్లకి ఆయన తద్దినాలకి భోక్తగా వెళ్లేవారు. పితృదేవతల స్థానంలో కూర్చుని, ఆ ఇంటివాళ్లు పెట్టింది తిని, దక్షిణ పుచ్చుకుని రావడం ఆయన వృత్తి. ముందురోజు రాత్రి భోజనం మానేసేవారు. పొద్దున్నే కాలవలో స్నానం చేసి, పంచె తడిపి పిండి కట్టుకుని, ఎవరూ తగలకుండా సైకిలెక్కేవారు. బస్సెక్కితే పదిమందీ తగులుతారు, మడి పోతుంది. 'ఆయన బస్సెక్కరండీ' అని ఊళ్లో ఆయనకి పేరు. ఏరికోరి ఆయన్నే పిలిచేవారంటే సగం కారణం అదే.

మొదట్లో సైకిలు పిలిచినవాళ్ల గుమ్మం ముందే పెట్టేవారు. ఒకసారి భోజనం చేసి లేచేసరికి అది లేదు. ఎవరో తమదే అనుకుని తొక్కుకుపోయి, సాయంత్రానికి నాలిక కరుచుకుంటూ తెచ్చిచ్చారు. అప్పటినుంచి స్టాండులో పెట్టి, అక్కణ్ణించి నడిచి వెళ్లడం అలవాటు చేసుకున్నారు.

అరవై దగ్గర పడేసరికి ఆయన మోకాళ్లు మొరాయించాయి. పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిదో తొమ్మిదో అయి ఉంటుంది, ఒక వానాకాలం ఊరి చివర తూము మలుపులో సైకిలుతో సహా పడ్డారు. మోచెయ్యి దోక్కుపోయింది. అప్పటికి నాకు అమలాపురంలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఇంట్లో నా మాటకి కొత్తగా విలువ వచ్చిన రోజులు. 'వీడి కంటే ముందు వీడి కోపం పుట్టింది' అనేది మా అమ్మ. ఆ ఆదివారమే సైకిలు అమ్మేశాను.

"రేపణ్ణించి బస్సులో వెళ్లండి. ప్రాణం కంటే మడి ఎక్కువా?" అన్నాను.

నాన్నగారు ఖాళీగా ఉన్న వసారా మూల చూసి, "అలాగేలే" అన్నారు. వాదన గెలిచాననుకున్నాను. తరవాత ఆయన నిజంగానే ఎనిమిది గంటల బస్సుకి వెళ్లసాగారు. నేను తొమ్మిదిన్నర బస్సుకి వెళ్లేవాణ్ణి. మడి సంగతి ఏం చేస్తున్నారో నేను అడగలేదు. వదిలేశారనే అనుకున్నాను.

కొన్నాళ్లకి మా ఆఫీసుకి తనిఖీకి ఎవరో పైఅధికారి వస్తున్నాడని పెందరాళే రమ్మన్నారు. ఆ వేళ ఎనిమిది గంటల బస్సు దొరక్క, దాని వెనకే వచ్చిన లారీ ఎక్కి బస్టాండు దగ్గర దిగాను. సైకిలు స్టాండు తడిక పక్కనుంచి నడుస్తూ ఉంటే లోపల బోరింగు దగ్గర నాన్నగారు కనిపించారు. స్టాండతను బోరింగు కొడుతున్నాడు. ఆయన చెంబుతో నెత్తిమీద నీళ్లు పోసుకుంటున్నారు. స్నానమయ్యాక పంచె పిండి కట్టుకున్నారు. బస్సులో కట్టుకొచ్చిన బట్టలున్న సంచీ తాటాకు పాకలో గుంజకి వేలాడుతోంది. సైకిలు హ్యాండిలుకి తగిలించినట్టే ఆ సంచీకి ఒక రేకు బిళ్ల తగిలించి ఉంది. దాని జోడుబిళ్ల కొంగున ముడేసుకుని, చుట్టూ చూసుకుంటూ, ఎవరూ తగలకుండా రోడ్డు దాటి వెళ్లిపోయారు. బిళ్ల ఇచ్చారంటే డబ్బులు పుచ్చుకున్నట్టే.

నాకు ఒళ్లు మండిపోయింది. బస్సు టిక్కెట్టూ కొని, స్టాండు డబ్బులూ కట్టే మనిషి భూమ్మీద మా నాన్నగారొక్కరే అయి ఉంటారు. ఆ మండిపాటు ఆయన మీద చూపించలేక స్టాండతని మీద చూపించాను. నాకంటే పదేళ్లు పెద్దవాడు, పొద్దుణ్ణించీ సైకిళ్లు ఎత్తి పెట్టి వంగిపోయిన మనిషి.

"సైకిలే లేని ముసలాయన దగ్గర స్టాండు డబ్బులు గుంజుతున్నావా? సిగ్గులేదూ?"

"నేనొద్దనే అన్నానండీ బాబూ. బోరింగు నీళ్లకి డబ్బులేంటండీ పంతులుగారూ అన్నానండీ. ఊరికే అయితే నీళ్లు ముట్టుకోనన్నారండీ."

"ఆయన అంటే మాత్రం నువ్వు చెయ్యి చాపడమేనా? ఆయన కొడుకుని చెబుతున్నాను. ఇకమీదట ఒక్క పైసా తీసుకున్నావని తెలిస్తే ఊరుకోను."

"ఆయ్. మీరెలా చెబితే అలాగేనండీ."

నాన్నగారికి మేలు చేశాననే సంతోషంతో ఆఫీసుకి వెళ్లాను. ఆయనకి మాత్రం చెప్పలేదు. బస్సెక్కినా మడి వదల్లేదన్న సంగతి నాకు తెలిసిపోయిందని ఆయన నొచ్చుకుంటారని నా ఆలోచన.

ఆ తరవాత వారమో పది రోజులో గడిచి ఉంటుంది. "ఇంక అమలాపురం వెళ్లనురా. ఓపిక లేదు" అన్నారు నాన్నగారు. మంచిదే అన్నాను. అంతకుముందు రోజు ఆయన మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చారని, భోజనం కూడా చేసి రాలేదని, ఏమిటంటే ఒంట్లో నలతగా ఉందన్నారని అమ్మ చెప్పింది. "ఇకనైనా విశ్రాంతి తీసుకోనీ" అని నేను అమ్మకే సర్దిచెప్పాను.

విశ్రాంతి ఆయనకి పడలేదు. తిథులన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. పొద్దున్నే లేచి, "ఇవాళ వీధి చివర మేడవాళ్ల తండ్రిగారి తిథి" అనో, "ఎల్లుండి ప్లీడరుగారి తల్లిది" అనో అమ్మతో అనేవారు. కొన్నిసార్లు అలాంటి రోజుకి ముందురాత్రి ఆకలి లేదని భోజనం మానేసేవారు. వయసు మీద పడి చాదస్తం పెరిగిందనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి బస్సు పక్షంవాణ్ణి నేనే వాయిదాల మీద స్కూటరు కొన్నాను. ఆఫీసు ముందు చోటు లేక దాన్ని తీసుకుని ఆ స్టాండుకే వెళ్లవలసి వచ్చింది. స్టాండతను నన్ను గుర్తుపట్టాడు. బిళ్ల ఇస్తూ, "పంతులుగారు బాగున్నారా అండీ?" అని అడిగాడు.

"బాగానే ఉన్నారు. తిరుగుళ్లు మానేసి ఇంటిపట్టున ఉంటున్నారు."

అతను జోడుబిళ్ల స్కూటరుకి తగిలించాడు. "ఆ రోజు నా మనసేం బాగోలేదండీ" అన్నాడు.

"ఏ రోజు?"

"మీరొచ్చి కోప్పడి వెళ్లేక ఇంకో తద్దినానికి వచ్చేరండీ ఆయన. పదిపైసలు చాపేరండీ. మీ అబ్బాయిగారు తీసుకోవద్దన్నారండీ, ఊరికే పోసుకోండి అన్నాను. చెయ్యి అలాగే ఉంచేరండీ. 'నాయనా, బుద్ధెరిగినప్పట్నుంచీ అందరి దగ్గరా పుచ్చుకోవడమే నా పని. ఒకరికి నా చేత్తో ఇచ్చేది ఇక్కడొక్కచోటే. కాదనకు' అన్నారండీ. మీరంటే నాకు భయమండీ. తీసుకోలేదు. సంచీ ఒళ్లో పెట్టుకుని అదిగో ఆ బల్ల మీద కూర్చున్నారండీ చాలాసేపు. ఆనక నీళ్లు పోసుకోకుండానే తిరుగు బస్సెక్కేసేరు."

మడి లేకుండా భోక్తగా కూర్చుంటే ఆ ఇంటివాళ్లని మోసం చేసినట్టని ఆయన నమ్మకం. అందుకే ఆ ఇంటి గడప తొక్కలేదు. ఏం చెప్పాలో తెలియక కబురూ పంపలేదు. ఆ వేళ ఆయన వెళ్లవలసిన ఇల్లు ఏదో అమ్మని అడిగితే తెలిసింది. మర్నాడు అక్కడికి వెళ్లాను. ఇంటాయన కుర్చీ వేయించి మర్యాదగానే మాట్లాడాడు.

"ఇంటిల్లిపాదీ పస్తులతో గుమ్మంలో నిలబడ్డామండీ. వేళ మించిపోతుంటే కాళ్లావేళ్లా పడి ఎవరినో తెచ్చుకున్నామండీ. పెద్దాయన్ని మాటనలేం గదండీ. వేరే ఆయన్ని కుదుర్చుకున్నాం."

తప్పు నాదని చెప్పాను. పోన్లెండి అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాన్నగారి ఎదురుగా నిలబడ్డాను.

"స్టాండులో చెప్పి వచ్చాను నాన్నగారూ. డబ్బులు తీసుకుంటాడు. మీరు మళ్లీ వెళ్లండి."

ఆయన నా వంక చూశారు. కోపం లేదు. ఉంటే బాగుండేది, ఆ భాష నాకు తెలుసు.

"తద్దినంనాడు రాని భోక్తని ఇంకెవరు పిలుస్తార్రా?" అన్నారు.

పట్టు వదలక మిగిలిన ఇళ్లన్నిటికీ తిరిగాను. అందరూ కాఫీ ఇచ్చారు. నాన్నగారి ఆరోగ్యం అడిగారు. ఒక్కరు కూడా పిలవలేదు.

ఆయన ఇంకో ఆరేళ్లు బతికారు. నెల నెలా ఒకటో తారీఖున ఆయన ముక్కుపొడుం డబ్బులు నేనే ఇచ్చేవాణ్ణి. ఇచ్చిన ప్రతిసారీ, దక్షిణ పుచ్చుకునేటప్పటిలాగే, రెండు చేతులూ కలిపి చాపేవారు.