మంచం పట్టిన ఓనరు

సోలార్ పార్కు వచ్చాక మా పావగడ తాలూకాలో భూముల బ్రోకర్లు ఎక్కువయ్యారు. నేనూ కొంత నేల కొందామని ఒక బ్రోకరును పిలిచి, తోడుగా నాన్నను తీసుకెళ్లాను. బ్రోకరు నిడుగల్లు దగ్గర ఆటో ఆపించి చూపించింది మా నాన్న వేరుశనగ చేనునే! నాన్న నా చెయ్యి నొక్కి ఊరుకోమన్నాడు.

"ఓనరు నాకు అన్న లెక్క, అక్కా. పాపం, మంచం పట్టినాడు, నోట మాట లేదు. అడ్వాన్సు నా చేతికిస్తే చాలు" అంటూ బ్రోకరు కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"ఆ మంచం పట్టినోణ్ని నేనేప్పా" అన్నాడు నాన్న.

కొట్టుకుంటారేమోనని నేను ఇద్దరి మధ్యకు జరిగాను. బ్రోకరు చటుక్కున నాన్న కాళ్లకు మొక్కి, "లేచి తిరుగుతాండావా అన్నా! దేవుడుండాడు!" అన్నాడు.

ఇప్పుడు ఏ బ్రోకరు నేల చూపించినా, ముందు పక్క చేనివాళ్లను ఓనరెవరని అడుగుతున్నాను.