తొంభై అయిదో బంతి

ఆ రోజుల్లో నేను అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఉండేవాణ్ణి. మా కంపెనీ బేస్‌బాల్ జట్ల కోసం బంతులు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి జట్టు దాన్ని తీసుకుంది. ఆట ఉన్న ప్రతిరోజూ లాప్‌టాప్ పట్టుకుని అక్కడికి వెళ్ళి, ఆటగాళ్ళ బెంచీ చివర కూర్చుని, మా పిచర్ ఎన్ని బంతులు, ఎంత వేగంతో విసిరాడో నమోదు చేయడం నా పని. పిచర్ అంటే మన క్రికెట్ బౌలర్ లాంటివాడే. కాకపోతే ఓవర్ అయిపోగానే బంతి ఇంకొకరికి ఇవ్వడం ఉండదు. చెయ్యి తట్టుకున్నంతసేపు ఒక్కడే విసరాలి.

పిచర్లకు శిక్షణ ఇచ్చే కోచ్‌కి యాభై దాటాయి. తనూ ఒకప్పటి పిచరే. పదకొండేళ్ళు చిన్న జట్లతో బస్సుల్లో తిరిగాడు. పెద్ద లీగ్‌లో ఉన్నది మూడు వారాలు. తర్వాత మోచేతిలో లిగమెంట్ తెగింది. ఆపరేషన్ మచ్చ జానెడు పొడుగున కనిపించేది. మైదానంలోకి వెళ్ళేటప్పుడు తెల్లటి సున్నపు గీతను అతను ఎన్నడూ తొక్కేవాడు కాదు, కాలెత్తి దాటేవాడు. జట్టు గెలుస్తున్నన్నాళ్ళు సాక్సు ఉతికేవాడు కాదు.

నేను ఊరుకుంటానా? గుంటూరులో పద్దెనిమిదేళ్ళకే రాహుకాలం మీద, వాస్తు మీద మైకు పట్టుకుని వాదించినవాణ్ణి. మా హేతువాద సంఘంలో పెళ్ళిళ్ళు కావాలనే అమావాస్య నాడు చేయించేవాళ్ళం.

"కోచ్, అది సున్నం. నువ్వెవరో దానికి తెలీదు," అన్నాను ఒకరోజు.

"తెలీదు కాబట్టే జాగ్రత్తగా ఉంటున్నా, ప్రొఫెసర్." నా వాదనలు విని అతను నాకు పెట్టిన పేరది.

"నిన్న కూడా దాటే వెళ్ళావు. ఓడిపోయారుగా?"

"తొక్కి ఉంటే ఇంకా ఘోరంగా ఓడేవాళ్ళం."

బెంచీ అంతా ఘొల్లుమంది. సరిగ్గా ఇదే జవాబు మా ఊరి జ్యోతిష్కుడు నాకు నిండు సభలో చెప్పాడు. అక్కడ అతన్ని ఓడించగలిగాను. ఇక్కడ నవ్వులపాలయ్యాను.

వాళ్ళ ఆచారాల్లో అన్నిటికన్నా గట్టిది మరొకటి ఉంది. ఒక ఆటలో ఉండే తొమ్మిది ఇన్నింగ్స్ మొత్తంలో ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా, అంటే బంతిని కొట్టి బేస్ చేరే వీలు ఒక్కసారి కూడా, దక్కనివ్వని పిచర్ పేరు జీవితాంతం చెప్పుకుంటారు. అలాంటి ఆట నడుస్తుంటే ఆ సంగతి ఎవరూ పైకి అనకూడదు. ఆ పిచర్ పక్కన కూర్చోకూడదు, అతనితో మాట్లాడకూడదు. మాట్లాడితే మంత్రం చెదిరిపోతుందట. నేను దాన్ని వెలి అన్నాను. కోచ్ ఈసారి నవ్వలేదు.

"నా చెయ్యి పోయింది అలాంటి రోజే," అన్నాడు. "ఎనిమిది ఇన్నింగ్స్ ఒక్క హిట్ కూడా లేదు. ఎన్ని బంతులు వేశానో నాకు తెలీదు. తెలిసినవాడు నోరు మూసుకున్నాడు."

మళ్ళీ తనే అన్నాడు. "నా పిల్లల్లో ఎవడైనా తొంభై అయిదు బంతులకు చేరితే నాకు చెప్పు. నేను విననంటాను. అయినా చెప్పు."

చెబుతానని మాటిచ్చాను. ఇంటికి వెళ్ళి గొప్పగా నా భార్యకు వినిపించాను. ఆమె ఎమ్మెస్సీ చదివింది. నా వీసా మీద వచ్చింది కాబట్టి ఇక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. అపార్ట్‌మెంట్ దాటి వెళ్ళాలంటే నేను కార్ తీసుకురావాలి.

"మీకెందుకండీ ఈ గొడవ?" అంది. "మీరు నోరు తెరిచాక ఆట పోయిందనుకోండి, ఊరంతా మిమ్మల్నే బ్లేమ్ చేస్తుంది. వాళ్ళు కాంట్రాక్ట్ కాన్సిల్ చేస్తే మీ బాస్ మిమ్మల్ని ఉంచుతాడా? జాబ్ పోతే వీసా పోతుంది. నాలుగేళ్ళుగా నేను ఈ గోడలు చూస్తూ కూర్చున్నది ఇందుకా? మీ సంస్కరణలేవో గ్రీన్ కార్డ్ వచ్చాక చేసుకోండి."

నేను ఆమెకు పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆమె మధ్యలోనే లేచి కుక్కర్ దింపడానికి వెళ్ళింది.

జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఆట వచ్చింది. పిచర్ ఇరవై రెండేళ్ళ ఎడమచేతివాటం కుర్రాడు. అయిదో ఇన్నింగ్స్ దాటేసరికి బెంచీ మీద అతని చుట్టూ ఖాళీ ఏర్పడింది. ఏడో ఇన్నింగ్స్ చివరి బంతి తొంభై అయిదోది. అప్పటికి ఒక్క హిట్ కూడా లేదు. నా తెర మీద అతని వేగం పడిపోతోంది. మా జట్టు బ్యాటింగ్‌కి దిగింది. అతను భుజం మీద టవల్ వేసుకుని ఒంటరిగా కూర్చున్నాడు.

లేచి కోచ్ దగ్గరికి వెళ్ళాను. అతను నా వైపు చూడనైనా చూడలేదు.

"నోరు తెరవకు," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

విననంటానని ముందే చెప్పిన మనిషి. అయినా చెప్పమన్న మనిషి. బెంచీ మీద ప్రతి కన్నూ నా మీదే ఉంది. నన్ను ఆపింది మంత్రం కాదు. నా భార్య గోడలు. జేబులోంచి ఒక కార్డు తీసి 95 అని రాసి, అతని పక్కన పెట్టి, నా చోటుకు వచ్చి కూర్చున్నాను. కోచ్ తన టోపీ తీసి కార్డు మీద పెట్టాడు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నూట పదమూడో బంతి బ్యాట్స్‌మన్ తల మీదుగా ఎక్కడికో పోయింది. కుర్రాడు ఎడమ మోచేతిని కుడిచేత్తో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. అందరికంటే ముందు పరుగెత్తింది కోచ్. గీతను తొక్కుకుంటూనే వెళ్ళాడు.

తర్వాతి వారం జట్టు యాజమాన్యం నా దగ్గర నివేదిక అడిగింది. "ఏడో ఇన్నింగ్స్ ముగియగానే కోచ్‌కు రాతపూర్వకంగా తెలియజేశాను," అని రాశాను. ప్రతి అక్షరం నిజం. కోచ్‌ని తీసేశారు. మా కాంట్రాక్ట్ పొడిగించారు. అతను వెళ్ళేరోజు నాతో అన్నది ఒక్కటే మాట. "చెప్పమన్నాను, ప్రొఫెసర్. రాయమనలేదు."

ఆగస్టులో ఆ కుర్రాడు ఆపరేషన్ చేసిన చేతికి కట్టుతో లాకర్ ఖాళీ చేసుకోవడానికి వచ్చాడు. ఇంకో ఏడాది పాటు బంతి ముట్టకూడదన్నారట. ఆ తర్వాత సంగతి ఎవరూ చెప్పలేదట.

"ఆ రోజు ఎన్నయ్యాయి?" అని అడిగాడు.

"నూట పదమూడు."

"లెక్కపెడుతూనే ఉన్నావా?"

"తొంభై అయిదు దగ్గరే కోచ్‌కి కార్డు ఇచ్చాను."

"చెయ్యి కోచ్‌ది కాదుగా," అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడుగుతున్నట్టుంది. "నీకు పది అడుగుల దూరంలో కూర్చున్నా. నాతో అనొచ్చుగా."

"అంటే దిగిపోయేవాడివా?"

"ఏమో. దిగేవాణ్ణి కాదేమో. నన్నెవరూ అడగలేదుగా."

అతని సంచి ఎత్తబోతే వద్దన్నాడు. కుడిచేత్తో ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. కోచ్‌తో చెప్పాలా వద్దా అని నాతో నేను ఎంత వాదించుకున్నానో! కుర్రాడితోనే చెప్పవచ్చునన్న ఆలోచన ఆ చివరి పద్దెనిమిది బంతుల్లో ఒక్కసారి కూడా నాకు రాలేదు. వెలి అని ఉపన్యాసాలిచ్చిన నేను కూడా, బెంచీ మీద అందరిలాగే, అతని చుట్టూ ఉన్న ఖాళీకి ఇవతలే కూర్చున్నాను.